చింత మొద్దుకు ఎన్ని టన్నులు కావాలి? కట్టెలు చీల్చే మిషన్ కొనేముందు

మూడేళ్ల కింద నేను కొన్న మొదటి మిషన్ మీద ఎర్ర అక్షరాలతో '20 టన్' అని రాసి ఉండేది, అంటే బ్లేడు మొద్దును తోసే బలం అంత అని. హనుమకొండ దాటాక ములుగు రోడ్డు మీద మా కట్టెల డిపో. పెళ్లి వంటలకు, రెండు బేకరీలకు, నాలుగైదు హోటళ్లకు కట్టె వేస్తాం. మిషన్ దిగిన రోజు కొబ్బరికాయ కొట్టి సుబాబుల్ మొద్దు పెడితే దోసకాయలా చీలింది. అందరం సంబరపడ్డాం. మర్నాడు చింత మొద్దు పెట్టాం. బ్లేడు రెండంగుళాలు దిగి ఆగిపోయింది. మోటారు మూలుగుతోంది, పైపులు వణుకుతున్నాయి, మొద్దు మాత్రం అలాగే ఉంది. మా దగ్గర ఇరవై ఏళ్లుగా గొడ్డలి పట్టిన పెద్దాయన కాసేపు చూసి, "ఇది మొద్దును చీలుస్తలేదు బిడ్డా, ముద్దు పెట్టుకుంటున్నది" అన్నాడు.

ఆర్నెల్లకు ఆయిల్ కారకుండా ఆపే సీళ్లు పోయి, ఆయిల్ ప్రెషర్‌తో బ్లేడును తోసే సిలిండర్ విప్పించాల్సి వచ్చింది. అప్పుడు కొలిస్తే దాని లోపలి వ్యాసం 80 మిల్లీమీటర్లు. గేజీ పెట్టి చూస్తే చదరపు సెంటీమీటరుకు 150 కిలోల ప్రెషర్ దగ్గరే, ప్రెషర్ హద్దు దాటకుండా ఆపే రిలీఫ్ వాల్వు ఆయిల్ వదిలేస్తోంది. లెక్క వేస్తే వచ్చింది ఏడున్నర టన్నులు. ఇరవై అన్నది స్టిక్కర్ మీదే. అమ్మినవాడిని అడిగితే "మొద్దు పచ్చిది కావాలన్నా" అన్నాడు. అంతకు వారం ముందు పచ్చి మొద్దు పెడితే "ఎండాలన్నా" అన్నదీ ఆయనే.

ఆ దెబ్బ తర్వాత నేర్చుకున్నవే ఇవి. ఎవరికి ఏ మిషన్ సరిపోతుందో, ఎవరికి మిషనే అక్కర్లేదో చెప్తాను. ఒక చిన్న మాట ముందే: దుకాణంలో 'కట్టెల మిషన్' అని అడిగితే చాలామంది కోత మిషన్ చూపిస్తారు. 'చీల్చే మిషన్' అని గట్టిగా చెప్పండి.

ముందు మీ కట్టె ఏదో తేల్చుకోండి

టన్నుల సంగతి మాట్లాడేముందు మీ దగ్గరికి వచ్చే మొద్దులు చూసుకోవాలి. మన వైపు కట్టె అంటే అంతా ఒక్క తీరుగా ఉండదు.

సుబాబుల్ అన్నిటికన్నా మంచిది. పోగు నిటారుగా ఉంటుంది, చిన్న మిషన్ కూడా దాన్ని చీల్చి పేరు తెచ్చుకుంటుంది. అందుకే దుకాణాల్లో డెమోకు ఎప్పుడూ అదే పెడతారు. సారపాక పేపరు మిల్లు కోసం వేసిన తోటల్లో మిల్లుకు పనికిరాని వంకర ముక్కలు, మొదళ్లు మనలాంటి డిపోలకు వస్తాయి. మామిడి కూడా పేచీ పెట్టదు. వేప నడిమి రకం, కాకపోతే కొమ్మ చీలిన చోట పోగు మెలిపడి కాస్త సతాయిస్తుంది.

నల్లతుమ్మ, సర్కారు తుమ్మ పచ్చిగా ఉన్నప్పుడు మాట వింటాయి. కొట్టి ఏడాది వదిలేసి, చేవ తేలిన తుమ్మను తీసుకొస్తే గొడ్డలి ఎగిరి వస్తుంది. జామాయిల్‌దీ అదే కథ, ఇంకా ఎక్కువ. దాని పోగు తాడులా మెలితిరిగి ఉంటుంది. నీళ్లుండగా చీలిస్తే చీలుతుంది, ఎండాక చీల్చబోతే పగులు పక్కకు పాకుతుందే గానీ పీచు విడదు. కొట్టిన నెలలోపు జామాయిల్‌ను చీల్చేస్తే, మీకు కావాల్సిన మిషన్ సైజే తగ్గుతుంది. డబ్బు ఖర్చు లేకుండా దొరికే బలం ఇది ఒక్కటే.

ఇక చింత. మటన్ షాపులో మాంసం కొట్టే మొద్దు ఏ చెట్టుదో ఎప్పుడైనా అడిగారా? చింతదే. రోజంతా కత్తి దెబ్బలు తిన్నా చీలదనే దాన్ని పెట్టుకుంటారు. పోగులు ఒకదానిలోకి ఒకటి అల్లుకుపోయి ఉంటాయి. చీలకూడదని ఎంచుకునే చెట్టును చీల్చడానికి మిషన్ కొంటున్నామంటే, అది వేరే లెక్క.

మా డిపోలో నాకు తేలిన కొలత ఇది. జానెడు మందం లోపు సుబాబుల్, మామిడికి ఐదు నుంచి ఏడు టన్నుల అసలైన బలం చాలు. అడుగు మందం వేప, పచ్చి తుమ్మకు పది, పన్నెండు. మూరెడు మందం తుమ్మకూ పచ్చి జామాయిల్‌కూ పదిహేను దాటాలి. రెండడుగుల ఎండు చింతకు పాతిక టన్నులున్నా నేను పూచీ ఇవ్వను. ఇవన్నీ అడుగు, అడుగున్నర పొడవు ముక్కలకు. పొడవు పెరిగితే మొండితనం కూడా పెరుగుతుంది, కణుపులు తగిలే అవకాశమూ పెరుగుతుంది.

పొడవు సంగతి కేటరింగ్ వాళ్లకు కట్టె వేసేవారు ఇంకో తీరుగా కూడా చూసుకోవాలి. గాడిపొయ్యికి వాళ్లు రెండున్నర అడుగుల ముక్కలు అడుగుతారు. మిషన్‌లో బ్లేడుకూ దిమ్మెకూ మధ్య సందు రెండడుగులే ఉంటే మీ మొద్దు అసలు అందులో పట్టదు. టన్నులు అడిగే ముందు టేపు పెట్టి ఆ సందు కొలవండి.

స్టిక్కర్ కాదు, సిలిండర్

హైడ్రాలిక్ మిషన్ బలం రెండింటి నుంచే వస్తుంది. సిలిండర్ లోపలి వైశాల్యం ఒకటి, ఆయిల్ ప్రెషర్ రెండోది. లోపలి వ్యాసాన్ని సెంటీమీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, మళ్లీ 0.785తో గుణించండి. వచ్చినదాన్ని ప్రెషర్ కిలోలతో గుణించి వెయ్యితో భాగిస్తే టన్నులు. ఫోన్‌లో కాలిక్యులేటర్ చాలు.

ఈ మిషన్లలో మామూలుగా వాడే గేర్ పంపుతో 200 కిలోల ప్రెషర్ దాకా నిలకడగా పని చేయించవచ్చు. ఆ లెక్కన 63 మిల్లీమీటర్ల సిలిండర్ ఆరు టన్నులు ఇస్తుంది. 80ది పది. 100ది పదిహేనున్నర పైన. 125ది ఇరవై నాలుగున్నర. 80 సిలిండర్ చూపించి 25 టన్నులని ఎవరైనా అంటే, దానికి 500 కిలోల ప్రెషర్ కావాలి. ఆ గేర్ పంపు అంత ఇవ్వదు, ఇవ్వాలని చూస్తే పైపు పగులుతుంది. లోపలి వ్యాసం, పని ప్రెషర్ బిల్లు మీద రాసిమ్మని అడగండి. రాయనంటే అక్కడే మీకు జవాబు దొరికినట్టు.

బలం అలా తేలింది. వేగం దీనికి పూర్తిగా వేరు, చాలామంది ఇక్కడే మోసపోతారు. పెద్ద సిలిండర్ నిండడానికి ఎక్కువ ఆయిల్ కావాలి. 100 మిల్లీమీటర్ల సిలిండర్, బ్లేడుకు రెండడుగుల నడక అనుకుందాం. ఒక్కసారి చివరిదాకా వెళ్లడానికి నాలుగు లీటర్ల ముప్పావు దాకా ఆయిల్ పడుతుంది. 5 హెచ్‌పీ మోటారు 200 కిలోల ప్రెషర్ దగ్గర నిమిషానికి తొమ్మిది లీటర్లకు మించి తోయలేదు. అంటే పోవడానికే అర నిమిషం. రోజంతా ఆ అర నిమిషాలు లెక్కపెడుతూ కూర్చుంటే ఎట్లా?

దీనికి మందు రెండంచెల పంపు. మొద్దుకు తగిలే వరకూ, పగులు విడ్డాకా పెద్ద బలం అక్కర్లేదు కదా. అప్పుడు ఈ పంపు తక్కువ ప్రెషర్‌తో ఎక్కువ ఆయిల్ తోస్తుంది. బ్లేడు కొరికే ఆ రెండు మూడు సెకన్లకే దానంతటదే ఎక్కువ ప్రెషర్‌కు మారుతుంది. అదే మోటారుతో, అదే సిలిండర్‌తో, మామూలు మొద్దుకు పది సెకన్లలో పని అయిపోతుంది. 125 సిలిండర్ మామూలు పంపుతో కొనడం కన్నా, 100 సిలిండర్ రెండంచెల పంపుతో కొనడం నా దృష్టిలో ఎంతో నయం.

రోజుకు ఎంత పని అవుతుందో కూడా చూద్దాం. అడుగు మందం, అడుగున్నర పొడవు పచ్చి మొద్దు ముప్పై కిలోల పైచిలుకు తూగుతుంది. టన్నుకు అలాంటివి ముప్పై దాకా. ఒక్కోదాన్ని ఆరు పేళ్లు చేయడానికి ఐదు దెబ్బలు. మొద్దు ఎత్తి పెట్టడం, పేళ్లు పక్కకు వేయడం కలిపి దెబ్బకు అర నిమిషం అనుకుంటే టన్నుకు గంటంబావు. ఇద్దరు మనుషులు అలసిపోకుండా రోజుకు నాలుగైదు టన్నులు చేస్తారు. మీ అమ్మకం దీనికి తక్కువైతే ఇంతకన్నా పెద్ద మిషన్ మీకు అనవసరం.

నాలుగు పలకల బ్లేడు పెడితే ఒక్క దెబ్బకు నాలుగు ముక్కలని చెప్తారు. సుబాబుల్‌కు నిజమే. కానీ ఒకేసారి రెండు వైపులా చీల్చాలంటే బలం కూడా దాదాపు రెండింతలు కావాలి. తుమ్మకు దాన్ని తీసేసి మామూలు బ్లేడు పెట్టుకోవాలి, లేదంటే మొద్దు బ్లేడులో ఇరుక్కుని సమ్మెటతో కొట్టి విడిపించడానికే పూట గడుస్తుంది. విప్పదీసే వీలున్నదైతేనే తీసుకోండి.

కరెంటు ఎక్కడి నుంచి?

మిషన్ ఎంపికను సగం ఇదే తేలుస్తుంది. ఇంటి సింగిల్ ఫేజు మీద 3 హెచ్‌పీ దాటిన మోటారు పెట్టుకోవద్దు. ఆ మూడే నడిచేటప్పుడు 15 ఆంపియర్ల దాకా లాగుతుంది, స్టార్టయ్యే క్షణంలో దానికి ఐదారు రెట్లు. ఊరి చివర సన్న తీగతో వోల్టేజీ 180కి పడిపోయిందంటే మోటారు తిప్పే బలం నలభై శాతం దాకా తగ్గుతుంది. మిషన్ పాడైందని మెకానిక్‌ను పిలుస్తారు, తీరా చూస్తే తప్పు తీగది.

5 హెచ్‌పీ, 7.5 హెచ్‌పీ అంటే త్రీ ఫేజు తీసుకోవాలి. "బావి కాడ కరెంటు ఉంది కదా, అక్కడ పెడదాం" అని మా బావ కూడా అన్నాడు. వ్యవసాయానికి 2018 జనవరి 1 నుంచి ఇరవై నాలుగు గంటల ఉచిత కరెంటు వస్తోంది, అయితే అది పంపు సెట్లకు. దాని మీద కట్టెల మిషన్ నడిపితే 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద అనధికార వాడకం అవుతుంది, జరిమానా పడుతుంది. డిపోకు వేరే కనెక్షన్ తీసుకోండి. ఆ డబ్బును కూడా మిషన్ ధరలో కలిపి లెక్క వేసుకోండి.

ఇప్పుడు ఏది, ఎవరికి

ఏడాదికి టన్నూ రెండు టన్నులు కాల్చే ఇల్లు అయితే, నీళ్ల పొయ్యికీ పండుగ వంటలకే కట్టె అయితే, మిషన్ మాట మరిచిపోండి. బరువైన మొద్దు గొడ్డలి, ఒక సమ్మెట, పగుల్లో దిగ్గొట్టడానికి రెండు ఇనుప సీలలు చాలు. పల్చటి గొడ్డలి కొరికి ఇరుక్కుంటుంది. మూడు, మూడున్నర కిలోల మందపాటిది పోగును విడదీస్తుంది. తుమ్మను నడిమి నుంచి కాకుండా అంచుల నుంచి చెక్కలు చెక్కలుగా కొట్టుకుంటూ రండి. ఈ ఒక్క కిటుకుతో చేతుల నొప్పి సగం తగ్గుతుంది.

ఐదు, ఏడు టన్నుల చిన్న ఎలక్ట్రిక్ మిషన్లు ఇంటి ప్లగ్గుతోనే నడుస్తాయి. టీ హోటలుకు, చిన్న టిఫిన్ సెంటరుకు, జానెడు లోపు కొమ్మలు తెచ్చుకునేవారికి బాగుంటాయి. రోజూ గంట నడపండి, అంతే. ఆయిల్ ట్యాంకు చిన్నది, మన మే నెల ఎండలో మధ్యాహ్నానికి ఆయిల్ నీళ్లలా పల్చబడి బలం జారిపోతుంది. అసలు మన ఎండలకు ఏ మిషన్‌లోనైనా 68 నంబరు ఆయిల్ నయం, ట్యాంకు నలభై లీటర్లు దాటితే ఇంకా మంచిది.

పెట్రోల్ ఇంజన్ మిషన్లు 20, 25 టన్నులవి దొరుకుతాయి, రెండంచెల పంపుతోనే వస్తాయి, కరెంటు గోల లేదు. తోటలోనే చీల్చి లోడు వేసుకునేవారికి పనికొస్తాయి. లీటరు పెట్రోలు నూరు దాటి చాలా కాలమైంది కాబట్టి ఒకేచోట కూర్చుని చేసే డిపోకు నేను చెప్పను.

ట్రాక్టరు వెనక తగిలించుకునేవి వేరే. ఇంట్లో ట్రాక్టరు ఉండి, దుక్కులు లేని నెలల్లో ఖాళీగా నిలబడుతుంటే దీనంత లాభం ఇంకోటి లేదు. అయితే ఇందులో రెండు రకాలు. ఒకటి ట్రాక్టరు సొంత హైడ్రాలిక్ ఆయిల్‌తోనే నడిచేది. చవక, కానీ సిలిండర్‌లో మట్టి పడితే అది నేరుగా ట్రాక్టరు లోపలికి పోతుంది, ప్రెషర్ కూడా ట్రాక్టరు ఇచ్చినంతే. రెండోది ట్రాక్టరు వెనక తిరిగే పీటీఓ షాఫ్టుకు తగిలించే సొంత పంపు, సొంత ట్యాంకు ఉన్నది. ధర ఎక్కువైనా కిరాయికి తిప్పాలనుకునేవారు ఇదే తీసుకోండి. రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమికి మేడారం జాతర వస్తుంది కదా, ఆ నెల ముందు నుంచే తాడ్వాయి వైపు కట్టెకు గిరాకీ ఎట్లా ఉంటుందో చూసినవారికి తెలుసు. మిషన్ కదిలిపోయేదైతే పని దాని దగ్గరికే వస్తుంది.

ఇక స్క్రూ మిషన్. శంఖం ఆకారంలో మరలున్న ఇనుప ముక్క గిరగిరా తిరుగుతుంది, మొద్దును ఆనిస్తే తనంతట తానే లోపలికి గుచ్చుకుని చీలుస్తుంది. హైడ్రాలిక్‌తో పోలిస్తే సగం ధరకు కూడా దొరుకుతుంది, వేగం కూడా ఎక్కువే, వీడియోల్లో చూస్తే ఇదే కొనాలనిపిస్తుంది. నేను కొనలేదు, కొనను కూడా. పీచు కట్టె అయితే స్క్రూ ఇరుక్కుని మొద్దే గిరగిరా తిరుగుతుంది. ముప్పై కిలోల మొద్దు కాళ్ల దగ్గర తిరగడం ఊహించుకోండి. తువ్వాల, పంచె, చీర కొంగు, వదులు చొక్కా చెయ్యి, ఏది తగిలినా మనిషిని లోపలికి లాగుతుంది, స్విచ్చు దాకా చెయ్యి వెళ్లేలోపు జరగాల్సింది జరిగిపోతుంది. హైడ్రాలిక్‌లో లీవరు వదిలితే బ్లేడు ఆగుతుంది. ఇందులో ఆగేది ఏదీ లేదు. ఆడవాళ్లు కూలికి వచ్చే డిపోలో దీన్ని పెట్టడం నా మనసుకు ఒప్పదు.

డిపో, కేటరింగ్ సప్లయి, పెద్ద బేకరీ వాళ్లకు నా ఓటు త్రీ ఫేజు 5 హెచ్‌పీ, 100 సిలిండర్, రెండంచెల పంపు, నిలువు మిషన్. నిలువుది ఎందుకంటే రెండడుగుల మందం, అడుగున్నర పొడవు మొద్దు 125 కిలోల పైన ఉంటుంది. దాన్ని అడ్డం మిషన్ ఎత్తుకు లేపాలంటే ఇద్దరి నడుములు పోతాయి, నిలువుదానికి దొర్లించి నిలబెడితే చాలు. అంతా అడుగు లోపు మొద్దులే అయితే నడుము ఎత్తులో ఉండే అడ్డం మిషన్ హాయి, వంగే పని ఉండదు.

పెద్ద మొద్దుల మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. ఏడాదికి వచ్చే పది రాక్షసి మొద్దులను చూసి 125 సిలిండర్, 10 హెచ్‌పీ మోటారు కొనేస్తుంటారు. మిగతా అన్ని రోజులూ ఆ పెద్ద మిషన్ నిదానంగా, ఎక్కువ కరెంటు తాగుతూ చిన్న మొద్దులే చీలుస్తుంది. మీ లోడులో నూటికి తొంభై ఏవో వాటికి కొనండి. మిగతా పదిని కోత మిషన్‌తో పొడవునా సగానికి గాటు పెట్టి ఇస్తే 15 టన్నులదే చీలుస్తుంది. చెట్టు కొట్టించేటప్పుడు 2002 వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల చట్టం) కింద అనుమతి ఉందో లేదో కూడా చూసుకోండి, డిపోకు వచ్చాక కాగితం అడిగితే టెన్షన్ మనదే.

పాత మిషన్ అయినా పరవాలేదు, రాడ్డు మీద గీతలు, తుప్పు గుంటలు లేకపోతే. 63, 80, 100, 125 సిలిండర్లకు సీళ్లు ఎక్కడైనా దొరుకుతాయి. అడ్డదిడ్డమైన సైజు ఉంటే వద్దు. మన దగ్గర ఇంకో సౌకర్యం, కరీంనగర్ గ్రానైట్ క్వారీల పుణ్యమా అని హైడ్రాలిక్ రిపేరు తెలిసినవాళ్లు ఈ చుట్టుపక్కల బాగానే ఉన్నారు. టిప్పర్ జాకీ బాగు చేసేవాడు దీన్నీ బాగు చేస్తాడు. పైపు నుంచి ఆయిల్ చిమ్ముతుంటే మాత్రం చేత్తో తడిమి చూడొద్దు. సన్న రంధ్రం నుంచి వచ్చే ఆయిల్ తోలు చీల్చుకుని లోపలికి పోతుంది, నేరుగా ఆస్పత్రికే వెళ్లాల్సి వస్తుంది. అట్టముక్క అడ్డం పెట్టి చూడండి. ఒకరు మొద్దు పట్టుకుని ఇంకొకరు లీవరు నొక్కడం కూడా వద్దు, వేళ్లు పోయేది ఎక్కువగా అక్కడే. రెండు చేతులూ లీవర్ల మీద ఉంటేనే నడిచే మిషన్ ఉంటే అది తీసుకోండి.

రెండో మిషన్ కొనడానికి సికింద్రాబాద్ రాణిగంజ్ వెళ్లినప్పుడు బొలెరో వెనక మూడు మొద్దులు వేసుకుపోయాను. అడుగు మందం తుమ్మ, మూరెడు జామాయిల్, ఒక చింత. మొదటి దుకాణంలో చింతను దించుతుంటేనే "అదెందుకు తెచ్చారు సార్, మా దగ్గర సుబాబుల్ ఉంది, దాని మీద చూపిస్తా" అన్నారు. మొద్దును మళ్లీ బండి ఎక్కించుకున్నాను. మూడో దుకాణాయన ఏమీ మాట్లాడకుండా గేజీ నా వైపు తిప్పి లీవరు నొక్కాడు. తుమ్మ, జామాయిల్ చీలాయి. చింత దగ్గర ముల్లు 200 మీద నిలబడిపోయింది, బ్లేడు సగం దాకా దిగి ఆగింది. "ఇది మా మిషన్‌తో కాదు సార్, 125 తీసుకున్నా గ్యారంటీ ఇవ్వలేను" అన్నాడు. ఆ మిషనే కొన్నాను. ఆ చింత మొద్దును తిరిగి తెచ్చి, పైభాగం చదును చేయించి, కాజీపేటలో ఒక మటన్ షాపుకు అమ్మాను. కట్టెగా అమ్మితే వచ్చేదానికన్నా ఎక్కువే వచ్చింది.